ధర్మాదా కందులతో ఎమ్మెస్సీ

పై చదువుకు దరఖాస్తులు పెట్టుకుంటున్న ఒక అమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. నేను ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో ఏ స్కాలర్‌షిప్పు దొరికేదని అడిగింది. కందులు అని చెప్పాను. పెద్దవాణ్ణి కదా, ప్రశ్న అర్థం కాలేదనుకున్నట్టుంది. మళ్ళీ నెమ్మదిగా, మాట మాటకు ఆగి అడిగింది. నేనూ అంత నెమ్మదిగానే, కందులు అన్నాను. ఆ సాయంత్రం ఆమెకు చెప్పినదాన్నే, కొంచెం క్రమంలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆమె వయసువాళ్ళకు దీనివల్ల ప్రయోజనం ఉంటుందో లేదో చెప్పలేను. ఇప్పుడు ఏ బ్యాంకూ కందులు పుచ్చుకోదు.

అవి యాభైల చివరి సంవత్సరాలు. సేర్లూ పల్లాలూ పోయి కిలోలు వస్తున్న కాలం. పట్నంలో రసాయనశాస్త్రంతో బి.ఎస్సీ. ముగించి, తూనికలు కొలతల శాఖలో తాత్కాలిక ఉద్యోగిగా చేరాను. మకాం తాండూరు. కొడంగల్ సంత నుంచి ధారూరు స్టేషను దగ్గరి దుకాణాల వరకు, అటు వికారాబాదు వరకు నా పరిధి. నా సామగ్రి ఒక సైకిలు, ఒక కర్రపెట్టె. పెట్టెలో మఖమల్ గుడ్డ మీద పేర్చిన ఇత్తడి ప్రమాణపు రాళ్ళు. వాటిని ఒట్టి చేత్తో తాకకూడదు. చెమట ఇత్తడిని తింటుంది. దుకాణదారు రాయిని ఒక తట్టలో, నా రాయిని ఇంకో తట్టలో పెట్టి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. సరిపోతే రాయి అడుగున పోసిన సీసం మీద ముద్ర కొట్టాలి. సరిపోకపోతే ఆ రాయి ఇక తూకానికి పనికిరాదని పక్కన పెట్టించాలి.

కిలో అంటే జనానికి ఇంకా అనుమానంగానే ఉండేది. కొడంగల్ సంతలో ఒక రైతు నన్ను నిలబెట్టి, కిలో సేరుకంటె పెద్దదైతే సర్కారుకు లాభమా, చిన్నదైతే సర్కారుకు లాభమా తేల్చి చెప్పమన్నాడు. రెండింటిలోనూ సర్కారుకు లాభం లేదన్నాను. లాభం లేకుండా సర్కారు ఇంత తిప్పలు పడుతుందంటే ఆయన నమ్మలేదు.

నా పనిలో పెద్ద భాగం ధాన్యం బజారులో, అంటే తాండూరు గంజ్‌లో జరిగేది. కందుల కాలంలో గంజ్‌ను చూడాలి. ఎర్రని కుప్పలు వరుసగా, నడుమ మనిషి నడిచే సందు మాత్రం. రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే ప్రతి అడ్తీ దుకాణం ముందు మూడు గుంజల మీద వేలాడే పెద్ద కాటా. దాని దగ్గర దడ్వాయి, అంటే తూకం వేసేవాడు. సంచులు మోసేందుకు హమాలీలు. కుప్పలను చాటలతో చెరిగి శుభ్రం చేసేందుకు ఆడవాళ్ళు. వాళ్ళను చాటకూలీలు అనేవారు. చెరిగేటప్పుడు, తూచేటప్పుడు నేల మీద రాలిన గింజ ఆ చాటకూలీలది. ఎవరూ రాసిపెట్టని హక్కు అది. దాన్ని కాదన్నవాడిని నేను చూడలేదు.

అట్లాంటిదే ఇంకొక ఆచారం ధర్మాదా. అమ్మకం ముగిసిన ప్రతి కుప్పనుంచి దడ్వాయి ఒక దోసెడు గింజలు తీసి పక్కనున్న గంపలో వేసేవాడు. ఆ గంపల గింజలన్నీ ఒక గదికి చేరేవి. దాని మీద అయిదుగురు పెద్దల పంచాయితీ ఒకటి ఉండేది. వేసవిలో చలివేంద్రం, ధర్మశాల మరమ్మతు, బాటసారులకు బువ్వ: ధర్మాదా ఈ మూడింటికే పోవాలని కట్టుబాటు.

ముద్రలు కొట్టే పని మీద నాకు చిన్నచూపు లేదు. కాని బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో మా అధ్యాపకుడొకరు అద్దాల పెట్టెలో ఉన్న ఒక చిన్న తరాజును నాకు చూపించారు. కాగితం ముక్కను తూచి, దాని మీద నన్ను పెన్సిలుతో పేరు రాయమని, మళ్ళీ తూచారు. ముల్లు జరిగింది. నా పేరుకు బరువుంది. ఆ తరాజు ముందు కూర్చునే హక్కు ఎమ్మెస్సీ వాళ్ళకే ఉండేది. గంజ్‌లో బస్తాలు తూగుతుంటే నా మనసు ఆ అద్దాల పెట్టె చుట్టూ తిరిగేది. రెండో ఏడు దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది. మార్కులు చూసి ఫీజు కూడా మాఫీ చేశారు. కడుపుకు మాత్రం మాఫీ లేదు. పట్నంలో రెండేళ్ళు ఎక్కడో పడుకొని, ఏదో తినాలి. ఆ ఏదో ఎక్కడిదో తెలియదు.

దారులు వెతికాను. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఆదాయం లేనివాళ్ళకు. నాకు జీతం ఉంది కనుక నేను అర్హుణ్ణి కాను. జీతం వదులుకుంటే అర్హుణ్ణవుతాను, కాని అప్పటికి ఆ ఏటి గడువు దాటుతుంది. చదువుకు సెలవు అడిగితే, తాత్కాలిక ఉద్యోగికి ఆ సెలవు వర్తించదని మా అధికారి నిబంధన చూపించారు. ఆయన మంచివారు, నిబంధన చదివాక నాతో చాయ తాగారు కూడా. పట్నంలో మా దూరపు బంధువొకాయన తన ఇంట్లో గది ఇస్తానన్నాడు. బదులుగా ముగ్గురు కొడుకులకు పాఠాలు చెప్పాలి, మార్కెటు పని చూడాలి, మధ్యాహ్నాలు ఆయన కోర్టు వ్యవహారాలకు వెంట తిరగాలి. మధ్యాహ్నాలే ప్రయోగశాల. ఇక తాండూరులో చెప్పిన ట్యూషన్ల సంగతి సరే. ఆ తల్లిదండ్రులు నన్ను ఎంతో గౌరవించేవారు. ఫీజుకు బదులు ఇంటికి వంకాయలు పంపేవారు.

గంజ్ దడ్వాయిలకు ఒక పెద్ద ఉండేవాడు. గడ్డానికి గోరింటాకు పెట్టుకునే ముసలాయన. అందరూ ఆయన్ను చాచా అనేవారు, నేనూ అంతే. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఆయన ఒకటి అనేవాడు కాదు. మొదటి బస్తాకు ‘బర్కత్’ అని, తర్వాతదాన్నుంచి రెండు, మూడు అనేవాడు. పక్క కాటా దగ్గర హిందూ దడ్వాయి ‘లాభం’ అని మొదలుపెట్టేవాడు. రెండు కాటాలూ ఒకేసారి నడుస్తుంటే దూరంనుంచి ఏదో పాటలా వినిపించేది. నా సంగతి ఎట్లా తెలిసిందో, ఒకనాడు చాచా కాటా ఆపి, తలపాగా విప్పి మెడ తుడుచుకుంటూ అన్నాడు.

“సాబ్, మస్తు పరేషాన్ అవుతున్నవంట. ధర్మాదా ఉన్నది గద. శేట్‌ను అడుగు.”

శేట్ అంటే పంచాయితీ పెద్ద, గంజ్‌లో అన్నిటికంటె పాత అడ్తీదారు. అంతకుముందు ఏడు ఆయన కాటా రాళ్ళు రెండింటిని నేను పనికిరావని పక్కన పెట్టించాను. ఆయన ఒక్క మాట అనలేదు. కమ్మరిని పిలిపించి, అందరి ముందు వాటిని పగలగొట్టించాడు. అది నా మీద కోపమో, రాళ్ళ మీద కోపమో నాకు తెలియలేదు. అందుకే చాచా మాట విన్నాక కూడా కొన్నాళ్ళు ఆ దుకాణం ముందు సైకిలు దిగలేదు.

చివరికి దిగాను. దుకాణంలో పరుపు మీద కూర్చొని ఆయన వక్క కత్తిరించుకుంటున్నాడు. నేను నా సీటు సంగతి, మాఫీ సంగతి, ఇబ్బంది సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ధర్మాదా అన్న మాట నోట రాగానే ఆయన అడకత్తెర ఆపాడు.

“ఆగు సారూ. ఈ మాట నువ్వు చెప్పనట్టె, నేను ఇననట్టె.”

“ఎందుకు శేట్?”

“ముద్ర నీ చేతిల ఉన్నన్ని దినాలు ధర్మాదాల గింజ గూడ నీది గాదు. మా తరాజులు చూసేటోనికి మేం బువ్వ పెడితె, రేపు రైతు మా కాటా మీద సంచి ఎక్కిస్తడా?”

ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. ఉద్యోగం వదిలి వచ్చి అడిగితే ఇస్తారా అన్నాను.

“అది గూడ చెప్ప. ఇప్పుడు ఇస్తనంటె ఇప్పుడు ఇచ్చినట్టె గద. ఇడిసిపెట్టినంక, ఉత్త మనిషిగ రా. పంచాయితీ ఉన్నది, నేనొక్కన్నె గాదు. ఇస్తరో ఇయ్యరో.” ఆ తరువాత వక్కపలుకు నోట్లో వేసుకొని, మామూలు గొంతుతో, “వానలు ఎట్లున్నయి మీ దిక్కు?” అన్నాడు.

అంటే లెక్క ఇదీ. ఇంకో ఏడు ఉంటే ఖాయమయ్యే సర్కారు నౌకరి ముందు వదులుకోవాలి. వదులుకున్నాక అడగాలి. కాదంటే రెండూ పోతాయి. ఇంతకంటె కచ్చితమైన తూకాన్ని నేను నా సర్వీసులో చూడలేదు. ముల్లు ఎటు మొగ్గుతుందో ముందే తెలియకూడదని ఆయన పట్టు.

మా ఊరు నవాబుపేటకు దగ్గర. ఆ శనివారం ఇంటికి వెళ్ళి నాయినకు చెప్పాను. నా జీతంలో సగంపైన ఇంటికే వచ్చేది. తమ్ముడి బడి, చెల్లె పెళ్ళి మాటలు అన్నీ దాని మీద నడుస్తున్నాయి. నాయిన జొన్నచేను గట్టు మీద కూర్చొని అంతా విన్నాడు.

“ఇంక రెండేండ్లు సదివితె ఏమయితది? ముద్రలు జోరుగ కొడుతవా?”

ప్రయోగశాలలో పని దొరుకుతుందన్నాను. మందులు, నూనెలు, నీళ్ళు పరీక్షించే పని అని వివరించాను. ఆయన ఒక మట్టిపెళ్ళను వేళ్ళతో చిదిపాడు.

“నీ జీతానికి నేను ఆశపడుత లేనని అనను. ఆశపడుతున్న. రెండేండ్లు గాదు, ఎప్పటికి రావాలనే ఉన్నది.” మట్టి చేతులు దులుపుకున్నాడు. “అయిన పో. ఆల్లు ‘ఇయ్యం’ అంటె మాత్రం ఈడ నా ముందట మొకం ఏలాడేసుకొని కూసోకు. ఇంక వేరే పని చూసుకో.”

దీన్ని దీవెన అంటారో, మరేమంటారో ఇప్పటికీ నాకు తేలలేదు. సోమవారం రాజీనామా ఇచ్చి, ఇత్తడి రాళ్ళను మఖమల్ గుడ్డతో తుడిచి పెట్టె అప్పగించాను. మా అధికారి మళ్ళీ చాయ తెప్పించారు. ఆ వారం గంజ్‌లోకి మొదటిసారి చేతిలో ఏమీ లేకుండా నడిచాను. సైకిలు కూడా శాఖదే.

అమావాస్య నాడు గంజ్ బంద్. పంచాయితీ ఆ రోజునే ధర్మశాల వసారాలో కూర్చునేది. అయిదుగురు పెద్దలతోపాటు దడ్వాయిల తరఫున చాచా, హమాలీల తరఫున ఒకరు కూర్చోవడం అలవాటు. నేను మెట్టు కింద నిలబడి అడగవలసింది అడిగాను. ఆ తర్వాత నేను అక్కడ లేనట్టే మాట్లాడుకున్నారు. బి.ఎస్సీ. అయినవాడు పేదవాడెట్లా అవుతాడని ఒకరు. పిల్లల బడికైతే సరేగాని, మీసాలొచ్చినవాడి బడికి ధర్మాదా ఎక్కడైనా ఉందా అని ఇంకొకరు. మూడో ఆయన లెక్క మరీ సూటిగా ఉంది: నౌకరి ఉన్నవాడు నౌకరి వదిలి వచ్చి నౌకరి లేదంటే, ఆ ఇబ్బంది వాడు చేతులారా తెచ్చుకున్నదే కదా అన్నాడు. నాకది సరైన తర్కంగానే తోచింది. శేట్ నోరు విప్పలేదు. పెద్దగా ఉన్నవాడు చివరన మాట్లాడాలి కాబోలు అనుకొని ఆయన ముఖం చూస్తున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

ధర్మాదా బువ్వ బాటసారికే అన్న కట్టుబాటు దగ్గర మాట ఆగిపోయింది. అప్పుడు చాచా గొంతు సవరించుకున్నాడు.

“నాదొక్క మాట శేట్. ఈ పిల్లగాని ఇల్లు నవాబుపేట కాడ. పోయేది పట్నం. అక్కడ ఇల్లు లేదు, ఇక్కడ నౌకరి లేదు. నడుమ ఉన్నడు. బాటసారి అంటె గిట్లనే ఉంటడు గద?”

“బాటసారి ఒక దినం ఉంటడు, రెండు దినాలు ఉంటడు,” అన్నాడు మూడో ఆయన.

“కొందరి బాట పొడుగుంటది.”

ఎవరో నవ్వారు. అప్పుడు శేట్ మాట్లాడాడు. బాటసారి అని ఒప్పుకుంటే బాటసారికి ఏది ఇస్తామో అదే ఇవ్వాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అన్నాడు. ధర్మాదా పైకంగా చేతికి ఇవ్వరు, గింజే ఇస్తారు. ఆ గింజను గిర్నీకి, అంటే మరకు, పంపరు; ఎందుకంటే గిర్నీవాడు తన వంతు గింజలోనే తీసుకుంటాడు, ధర్మాదా గింజ ఎవరి లాభానికీ పోరాదు. ఈ రెండు మాటలకూ నేను కట్టుబడితే ఇవ్వవచ్చు.

“దినానికి కిలో. కిలో ఎంతనో నువ్వే నేర్పినవ్ గద మాకు,” అన్నాడు.

నేను కట్టుబడతానన్నాను. ఆ నిమిషంలో గుండ్రాళ్ళు ఇస్తామన్నా కట్టుబడేవాణ్ణే.

విద్యార్థులు సొంతంగా నడుపుకునే ఒక మెస్ పట్నంలో ఉండేది. అక్కడి వంట బాధ్యత చూసే పెద్దమనిషితో ముందే మాట్లాడాను. నెలకు ముప్పై కిలోల తాండూరు పప్పు తెచ్చిస్తే నా రెండు పూటల భోజనం, పడుకునేందుకు సామాన్ల గదిలో చోటు అని ఖరారు చేశాడు. తాండూరు పప్పు అనగానే ఆయన కళ్ళు మెరవడం నేను చూశాను. మొదటి సంచీని ప్యాసింజరు బండిలో కాళ్ళ మధ్య పెట్టుకొని వెళ్ళాను. ఆయన మూతి విప్పి, చెయ్యి లోపల పెట్టి, బయటకు తీసి, అరచేతిలో గింజలను చాలాసేపు చూశాడు.

“ఇవి కందులు. పప్పేది?”

అంతవరకు అందులో ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు. జీవితమంతా కందుల మధ్య బతికిన అయిదుగురు పెద్దలు, చాచా, తూకంలో ఇంత తేడా కూడా వదలని నేను. బాటసారికి గింజ ఇస్తే అతడు ఎక్కడో ఒక ఇంటి ముందు ఆగి వండించుకుంటాడని పంచాయితీ ఆలోచన. పొట్టుతో ఉన్న గింజను పట్నంలో ఎవరు పప్పు చేస్తారని మాలో ఒక్కరమూ అడగలేదు.

పెద్దమనిషి పడుకునే చోటు ఇచ్చాడు, పప్పు వచ్చేదాకా భోజనం మాత్రం లేదన్నాడు. మెస్ వీధి చివరే గిర్నీ ఉంది. సంచీ అక్కడ పడేస్తే తాండూరులో ఎవరికీ తెలియదు. ఆ గిర్నీ ముందునుంచి రోజూ కళాశాలకు వెళ్ళేవాణ్ణి. దాని పటపట శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. వంటింటి రోలులో దంచి చూశాను. పొట్టు పోలేదు, పప్పు మాత్రం పిండయింది. తరువాత ఆ కందులను ఉప్పువేసి ఉడకబెట్టుకొని గుగ్గిళ్ళుగా తిన్నాను. ఉదయం గుగ్గిళ్ళు, సాయంత్రం గుగ్గిళ్ళు. తోటి విద్యార్థులు మొదట అడిగి తిన్నారు, తర్వాత అడగడం మానేశారు. ప్రయోగశాలలో అద్దాల పెట్టె తరాజు ముందు కూర్చున్న మొదటి రోజు నాకు కళ్ళు తిరిగాయి. ఊపిరి తగిలినా కదిలే ముల్లు అది. నా చేతి వణుకుకు నిలవనేలేదు. ఆకలితో ఈ చదువు సాగదని అప్పుడు స్పష్టంగా అర్థమైంది. నెల తిరగకముందే, మిగిలిన కందుల సంచీ తీసుకొని తాండూరు బండి ఎక్కాను. తిరిగి ఇచ్చేసి, శాఖలో నా జాగా ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కుందామని.

సంచీ భుజాన వేసుకొని గంజ్‌లోకి వస్తుంటే చాటకూలీలు నన్ను చూశారు. వాళ్ళకు పెద్ద ఒకామె ఉండేది. ధారూరు వైపు పల్లెనుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, నలభై దాటిన మనిషి, గంజ్‌లో ఎవరితోనైనా మొహమాటం లేకుండా మాట్లాడేది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఇప్పుడు చాట దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో, సూడుండ్రె. సారు కందులు అమ్మనీకి వచ్చిండు. ఎకరానికెంత పండింది సారూ?”

ఆడవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. సంచీ దించి, జరిగింది చెప్పాను. పంచాయితీ మాట, మెస్ మాట, గుగ్గిళ్ళ మాట. ఆమె మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక, గిర్నీకి పోవద్దని ఎవరన్నారని మళ్ళీ అడిగింది. శేట్ అన్నాడన్నాను.

“మా ఇసుర్రాయికి పోవద్దన్నడా?”

అనలేదన్నాను.

“మరి ఇగ ఏంది? ఇయ్యి ఇటు.”

“కూలి ఇచ్చుకోలేనక్కా.”

“కూలి అడిగిన్నా? పొట్టు మా బర్రెలకు, నూక మాకు. పప్పు నీది. అంతె.”

శేట్‌ను అడగడానికి నేనే వెళ్ళాను. పొట్టు, నూక విసిరేవాళ్ళకు పోవడం లాభమా, కాదా అన్నది ఆయనకు నిజంగానే చిక్కు ప్రశ్న. చివరికి, గంజ్ నేల మీద రాలిన గింజ ఆడవాళ్ళదైనప్పుడు విసుర్రాయి చుట్టూ రాలింది మాత్రం ఎవరిదని తనకు తానే అనుకొని, తలూపాడు.

అట్లా ఏర్పాటైంది. నెల మొదట్లో ధర్మాదా గదినుంచి చాచా ముప్పై కిలోలు తూచి ఆమెకు అప్పగించేవాడు. ఆడవాళ్ళు కందులకు నూనె రాసి, నీళ్ళు చిలకరించి, ఎండబెట్టి, పని లేని పూటల్లో వంతులు వేసుకొని విసిరేవారు. నేను నెలకొక ఆదివారం వచ్చి సంచీ తీసుకువెళ్ళేవాణ్ణి. గింజ పప్పయితే బరువు తగ్గుతుందని మెస్ పెద్దమనిషికి ముందే చెప్పాను. ముప్పైకి ఇరవై రెండు, మహా అయితే ఇరవై మూడు వస్తుందని, దానికే ఆయన ఒప్పుకున్నాడు.

నాలుగో నెలో, అయిదో నెలో సంచీ చేతికి బరువుగా తోచింది. వృత్తి అలవాటు ఎక్కడికి పోతుంది? మెస్‌లో దించగానే కాటాకు వేశాను. ఇరవై ఏడు. పొరపాటనుకొని, కాటా సరిచూసి మళ్ళీ వేశాను. ఇరవై ఏడే. ముప్పై కిలోల కందులనుంచి అంత పప్పు రాదు. ఒక్క పలుకు విరగకపోయినా రాదు. పొట్టుకే అంతకంటె ఎక్కువ పోతుంది. ఆ పై కిలోలు ఎక్కడివో ఆలోచిస్తే ఒక్క చోటే మిగిలింది. గంజ్ నేల మీద రాలి, వాళ్ళు ఊడ్చి, చెరిగి, ఇంటికి తీసుకుపోవలసిన గింజ.

తరువాతి ఆదివారం ఆమెను పక్కకు పిలిచి, నా లెక్క అంతా వివరంగా చెప్పాను. ఇంత గింజకు ఇంత పొట్టు, ఇంత నూక, ఇంత పప్పు. మీ ఇళ్ళలో పిల్లలు ఉన్నారు, ఇట్లా చేయకూడదు అన్నాను. ఆమె చాట ఎగరేస్తూనే ఉంది.

“నీ కాటా తప్పు,” అంది.

“కాటాలు చూసేదే నా పని అక్కా.”

“అప్పుడు గద. ఇప్పుడు నీ దగ్గర ముద్ర ఏది?”

ఆ తర్వాత చదువు ముగిసేదాకా ఏ సంచీ ఇరవై అయిదుకు తగ్గలేదు. నేను మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. ప్రతిసారీ తూచడం మాత్రం మానలేదు. అది అనుమానం కాదు. ఆ సంఖ్య చూడడం నాకు ఇష్టంగా ఉండేది.

ఆ ఏళ్ళను తలచుకుంటే ముందుగా గుర్తుకు వచ్చేది పాఠాలు కాదు. ఆదివారపు ప్యాసింజరు బండి, కిటికీలోంచి కనిపించే నల్లరేగడి, మధ్యలో ఒక్కసారిగా వచ్చే వికారాబాదు గుట్టల పచ్చదనం, కాళ్ళ మధ్య వెచ్చగా ఉండే పప్పు సంచీ. చాచా నేను కనిపించగానే కాటా మీదనుంచే ‘బాటసారి ఆయా’ అని కేకవేసేవాడు. ఆ పేరు గంజ్‌లో నాకు స్థిరపడిపోయింది. అద్దాల పెట్టె తరాజు ముందు నా చెయ్యి వణకడం మానేసింది.

ఫలితాలు వచ్చాయి. మొదటి తరగతి. ప్రభుత్వ ప్రయోగశాల ఒకదానిలో పని కూడా ఖాయమైంది. ఆ వారమే తాండూరు వెళ్ళాను. చాచా నన్ను కౌగిలించుకున్నాడు. శేట్ మొదటి తరగతి అంటే ఏమిటో అడిగి తెలుసుకొని, ధర్మాదా గింజ ఎక్కడ ఖర్చయిందో పంచాయితీకి చెప్పుకోవడానికి పనికొస్తుందన్నాడు. నవ్వినట్టే అనిపించింది.

చాటకూలీల దగ్గరకు వెళ్ళి, అక్కా, చదువు అయిపోయింది, ఇక నాకు పప్పు అక్కరలేదు అన్నాను. ఇంకా చెప్పవలసినవి చాలా ఉన్నాయి. దారి పొడుగునా కూర్చుకొని వచ్చాను. ఆమె అవకాశం ఇవ్వలేదు. సరే అన్నట్టు తలూపి, చాటలోని గింజలను ఒక పక్కకు కుదించింది.

“ఇగ ఎవలికి ఇసరాలె?”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఎవరూ లేరక్కా అన్నాను.

“లేరంటె ఎట్ల? దేవులాడు,” అంది. వెతకమన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ చాట అందుకుంది.

నా టికెట్టు పట్నానికి. బండి వికారాబాదులో ఆగినప్పుడు దిగిపోయాను. అక్కడి హైస్కూలుకు నడిచి వెళ్ళాను. హెడ్మాస్టరుగారికి నేనెవరో తెలియదు. మీ బడిలో చదివి, డిగ్రీ ముగించి, పైకి చదవడానికి దారిలేక ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. తాండూరులో బువ్వకు ఒక ఏర్పాటు ఉందని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను పైనుంచి కిందకు చూశారు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు.

“కూసోండ్రి,” అన్నారు. “ఎంతమంది కావాలె మీకు?”